ట్రాక్టరుకు గాలి పట్టింది!

పిల్లలూ! ఈ నెల ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం. గాలి లేకపోతే దీపం వెలగదు, పొయ్యి మండదు, ఇంజను తిరగదు. ఇది మీకు తెలిసిందే. మరి గాలి ఉన్నందువల్లనే ఇంజను తిరక్కుండా మొరాయించటం ఎక్కడైనా విన్నారా? పల్లెటూళ్ళలో ఉండేవాళ్ళు వినే ఉంటారు. "ట్రాక్టరుకు గాలి పట్టిందిరా!" అంటారు పెద్దవాళ్ళు. గాలి పట్టటమేమిటి? దాన్ని వదిలించటం ఎలా? పదండి, ఒంటిమిట్ట వెళ్ళి చూసి వద్దాం.

ఒంటిమిట్ట కడప నుంచి రాజంపేట పోయే దారిలో, కడపకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అక్కడి కోదండరామస్వామి గుడి చాలా పేరు పొందినది. గర్భగుడిలో సీతారామలక్ష్మణుల విగ్రహాలు మూడూ ఒకే రాతిలో మలిచినవి. అందుకే ఆ ఊరిని ఏకశిలానగరమని కూడా అంటారు. ఈ "ఏకశిల" అన్న మాట జ్ఞాపకం పెట్టుకోండి, మనకు మళ్ళీ పని పడుతుంది.

అది వానలు తక్కువ పడే సీమ. కడప జిల్లాలో ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 700 మిల్లీమీటర్లు. అది కూడా ఒక వరసలో పడదు. మంచి వాన ఒకటి పడితే నేలలో పదును కొద్ది రోజులే ఉంటుంది. ఆ లోపలే దున్నాలి, విత్తాలి. ఎండ కాసి పదును ఆరిపోయిందా, విత్తనం సరిగా మొలవదు. మళ్ళీ వాన ఎప్పుడు పడుతుందో ఎవరికి తెలుసు? ఆ కొద్ది రోజుల్లో ట్రాక్టరు ఒక్క పూట ఆగినా రైతుకు ప్రాణం మీదికి వచ్చినట్టే.

అలాంటి రోజున, ఒంటిమిట్ట దగ్గర ఒక చేలో ఏం జరుగుతుందో ఊహించుకుందాం.

తెల్లవారుజామునే ఒక రైతు తన పాత ట్రాక్టరుతో వేరుశనగ చేను దున్నుతున్నాడు. చేను ఒక పక్కకు వాలుగా ఉన్నది. ట్యాంకులో డీజిలు అడుగంటింది. వాలులోకి తిరిగేసరికి ఆ కాస్త డీజిలూ ఒక మూలకు చేరింది. ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది. రైతు కొడుకు ఇంటికి పరుగెత్తి క్యానుతో డీజిలు తెచ్చాడు. ట్యాంకు నింపారు. సెల్ఫు కొట్టారు. ఇంజను గిర్రున తిరుగుతుందే గాని అంటుకోదు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంతే.

అంతలో ఆ దారినే పోతున్న మెకానిక్కు ఆగాడు. ఆయన రైతుకు బావమరిది కూడాను.

"బావా, ఇంక సెల్ఫు కొట్టొద్దు. బ్యాటరీ దిగిపోతుంది. గాలి పట్టింది," అన్నాడు.

"మామా, ట్యాంకు నిండా డీజిలు పోసినాం కదా! ఇంక గాలి యాడనుంచి వచ్చింది?" అని అడిగాడు కుర్రవాడు.

"పోసిన డీజిలు ట్యాంకులో ఉంది అల్లుడూ. పైపులో ఏముందో చూసినావా?" అన్నాడు మామ.

ఆయన అన్నమాట అర్థం కావాలంటే ముందు మనం ఇంజను లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి.

పెట్రోలుతో నడిచే మోటారు సైకిలులో ఒక చిన్న ప్లగ్గు ఉంటుంది. అది నిప్పురవ్వ పుట్టించి పెట్రోలును అంటిస్తుంది. డీజిలు ఇంజనులో అలాంటి ప్లగ్గు లేదు. మరి నిప్పు ఎక్కడిది? గాలిని నొక్కితే వచ్చిన వేడే నిప్పు! సైకిలు చక్రానికి గాలి కొట్టి, వెంటనే పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటుంది. డీజిలు ఇంజనులో ముషలకం పైకి వచ్చి, సిలిండరు నిండా ఉన్న గాలిని సుమారు పదహారో వంతు చోటులోకి కుక్కేస్తుంది. అప్పుడా గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణాన అందులోకి డీజిలును మంచుతుంపర లాగా చిమ్మితే భగ్గున మండుతుంది. ఆ మంట ముషలకాన్ని కిందికి తోస్తుంది. ఇంజను తిరుగుతుంది.

చిమ్మటానికి ఒక సన్నని ముక్కు ఉన్నది. మెకానిక్కులు దాన్ని నాజిల్ అంటారు. నాజిల్ లోపల గట్టి స్ప్రింగు ఒకటి తలుపు మూసి పట్టుకుని ఉంటుంది. పాత ట్రాక్టర్లలో చదరపు సెంటీమీటరుకు సుమారు 175 కిలోల ఒత్తిడి వస్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరంటే ఎంత? మీ చిటికెన వేలి గోరంత. అంత చోటు మీద ఇద్దరు లావుపాటి మనుషుల బరువు పెట్టినట్టన్నమాట! ఈ ఒత్తిడిని పుట్టించేది డీజిలు పంపు. అది ఒక్కొక్క నాజిల్‌కు ఒక్కొక్క తడవ తోసే డీజిలు ఎంతో తెలుసా? ఒక చిన్న బొట్టుకు మించదు.

ఇక గాలి చేసే అల్లరి చూడండి. దీనికి మీరే ఒక ప్రయోగం చెయ్యవచ్చు. మందుల షాపులో సూది లేని కొత్త సిరంజి ఒకటి ఇంట్లో పెద్దవాళ్ళచేత కొనిపించుకోండి. దాని నిండా నీళ్ళు పీల్చండి. మూతి పైకి పెట్టి, లోపల బుడగ లేకుండా చూసుకోండి. ఇప్పుడు మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, వెనక నుంచి నొక్కండి. ఎంత నొక్కినా కదలదు, రాయిని నొక్కినట్టుంటుంది. తరవాత నీళ్ళు పారబోసి, గాలి నింపి, మళ్ళీ మూతి మూసి నొక్కండి. ఈసారి లోపలికి పోతుంది! వదిలితే వెనక్కు వస్తుంది. గాలి స్ప్రింగు లాంటిది. నొక్కితే ముడుచుకుంటుంది, వదిలితే సాగుతుంది. ఎంత ఒత్తితే ఎంత ముడుచుకుంటుందో రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రజ్ఞుడు 1662లో లెక్క చెప్పాడు. వేడి మారకుండా ఉంటే, ఒత్తిడి రెట్టింపు చేస్తే గాలి సగం చోటులో ఇముడుతుంది. పది రెట్లు చేస్తే పదో వంతులో ఇముడుతుంది.

ఇప్పుడు మనమొక లెక్క కడదాం. డీజిలు పంపుకూ నాజిల్‌కూ మధ్య పైపులో ఒక బొట్టంత గాలిబుడగ ఉన్నదనుకోండి. పంపు తన వంతుగా ఒక బొట్టు డీజిలును తోసింది. నాజిల్ తెరుచుకోవాలంటే ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడికి 175 రెట్లు కావాలి. అంటే బుడగ 175వ వంతుకు కుంచించుకుపోవాలి. పంపు తోసిన బొట్టంతా ఆ బుడగను నొక్కటానికే సరిపోయింది! నాజిల్ దాకా వెళ్ళే బలం మిగలలేదు. పంపు వెనక్కు తగ్గింది, బుడగ మళ్ళీ ఉబ్బింది. మళ్ళీ తోసింది, మళ్ళీ అంతే. సెల్ఫు ఎంతసేపు కొట్టినా పంపు ఆ గాలిబుడగతోనే కుస్తీ పడుతూ ఉంటుంది. బ్యాటరీ దిగిపోతుంది, పదును ఆరిపోతుంది, ఇంజను మాత్రం అంటుకోదు.

డీజిలు మాత్రం గాలిలా లొంగదు. అంత ఒత్తిడిలో కూడా అది నూటికి ఒక వంతు పాటి మాత్రమే ముడుచుకుంటుంది. కనుక ట్యాంకు నుంచి నాజిల్ దాకా డీజిలు ఎక్కడా తెగకుండా ఒకే కడ్డీలా ఉంటే, ఈ కొసన తోసిన తోపు ఆ కొసకు అందుతుంది.

"అల్లుడూ, మన గుళ్ళో విగ్రహాలు ఏకశిల కదా! పైపులో డీజిలు కూడా అట్లా ఏకశిలగా ఉండాల. మధ్యలో గాలి దూరిందంటే రాయి పగిలినట్టే," అన్నాడు మామ, పానాలు తీస్తూ.

ఆయన ఏం చేశాడో వరసగా చూడండి. ముందు ఇంజను తాకితే కాలేటంత వేడిగా లేదు కదా అని చూశాడు. ఫిల్టర్ల చుట్టూ ఉన్న దుమ్మును శుభ్రమైన గుడ్డతో తుడిచాడు. దుమ్ము ఒక్క రవ్వ లోపలికి పోయినా పంపునూ నాజిల్‌నూ గీరి పాడుచేస్తుంది. కారే డీజిలు చేలో పడకుండా కింద ఒక పాత పళ్ళెం పెట్టాడు. ట్యాంకు కుళాయి తెరిచి ఉన్నదో లేదో చూశాడు.

ఆ తరవాత మొదటి ఫిల్టరు నెత్తిన ఉన్న చిన్న స్క్రూను రెండు చుట్లు వదులు చేశాడు. ఇంజను పక్కన, ట్యాంకులోని డీజిలును ఫిల్టర్లకు పంపే చిన్న పంపు ఒకటి ఉంటుంది. దానికి చేత్తో ఆడించే మీట ఉన్నది.

"అల్లుడూ, ఈ మీట పైకీ కిందికీ మెల్లగా ఆడించు. స్క్రూ దగ్గర ఏమొస్తుందో చూసి చెప్పు."

"నురగ వస్తాంది మామా!"

"ఆడించు."

"బుడగలు వస్తాండాయి… ఇప్పుడు బుడగా డీజిలూ కలిసి వస్తాండాయి… మామా, ఇప్పుడు ఉత్త డీజిలే వస్తాంది, సన్నగా తీగమాదిరి!"

"ఆపద్దు, ఆడిస్తానే ఉండు," అంటూ మామ, డీజిలు ఇంకా కారుతూండగానే స్క్రూ బిగించాడు. ఎందుకలా? మీట ఆపిన తరవాత బిగిస్తే, ఆ సందులో నుంచి గాలి మళ్ళీ లోపలికి జారుకుంటుంది.

తరవాత రెండో ఫిల్టరు. అక్కడా ఇదే పని. ఆ తరవాత డీజిలు పంపు మీద ఉన్న స్క్రూ. అక్కడా ఇదే పని.

చివరికి నాజిళ్ళ దగ్గరికి వచ్చాడు. అక్కడ చేతి మీటకు చాలినంత బలం ఉండదు. కనుక నాజిల్ దగ్గర పైపు నట్లను కొద్దిగా వదులుచేసి, కుర్రవాణ్ణి పది అడుగుల దూరం పంపేసి, రైతుచేత యాక్సిలరేటరు నిండా తెరిపించి, కాసేపు సెల్ఫు కొట్టించాడు. నట్ల దగ్గర చిటపటమంటూ నురగ వచ్చి, తరవాత డీజిలు ఉమిసింది. నట్లు బిగించాడు. మళ్ళీ సెల్ఫు కొట్టగానే ఒక సిలిండరు "టప్" అన్నది. రెండోది కలిసింది. మూడోది కూడా కలిసి, ఇంజను నల్లటి పొగ ఒక్కటి వదిలి, సాఫీగా పాడటం మొదలుపెట్టింది.

మీలో తెలివైనవాళ్ళు ఈపాటికి రెండు ప్రశ్నలు అడుగుతూ ఉంటారు.

మొదటిది: స్క్రూ ఫిల్టరుకు నెత్తినే ఎందుకున్నది? గాలి డీజిలు కన్నా తేలిక. బుడగలన్నీ పైకి తేలి నెత్తిన చేరతాయి. అక్కడ తలుపు తీస్తే వాటంతట అవే బయటికి పోతాయి.

రెండోది: ట్యాంకు వైపు నుంచే ఎందుకు మొదలుపెట్టాలి? నాజిల్ వైపు నుంచి మొదలుపెడితే ఏం? డీజిలు ట్యాంకు నుంచి నాజిల్ వైపుకే పారుతుంది కనుక గాలి కూడా అటే నడుస్తుంది. నాజిల్ దగ్గర తీసేసి, ఫిల్టరులో ఉంచేస్తే, ఆ ఫిల్టరులోని బుడగ కాసేపటికి నాజిల్ దగ్గరికి చేరి, పని మళ్ళీ మొదటికొస్తుంది. కాలువలో చెత్త తీసేవాడు పై నుంచి కిందికే తీస్తూ వస్తాడు కదా, అలాగే.

ఒక్కొక్కప్పుడు మీట ఆడించినా చేతికి పట్టు తగలదు, ఊరికే ఊగుతుంది. పంపు పాడైందని కంగారుపడనక్కర లేదు. ఇంజను ఆగినప్పుడు లోపల పంపును నడిపే మెట్టు పంపును ఎత్తిపట్టి ఉండిపోయి ఉండవచ్చు. ఇంజనును కొద్దిగా తిప్పితే ఆ మెట్టు పక్కకు తొలుగుతుంది, మీటకు పట్టు వస్తుంది.

ట్యాంకు ఖాళీ అయితేనే గాలి పడుతుందనుకోకండి. ఫిల్టరు మార్చినప్పుడు పడుతుంది. రాగి వాషరు అరిగినా, పైపు చీలినా పడుతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. కొన్నిసార్లు పైపులోంచి ఒక చుక్క డీజిలు కూడా కారదు, కాని గాలి మాత్రం దూరుతూనే ఉంటుంది! ట్యాంకు కుళాయిలో చెత్త అడ్డుపడ్డదనుకోండి. చిన్న పంపు డీజిలును పీలుస్తూ ఉంటుంది, వెనక నుంచి చాలినంత రాదు. అప్పుడు పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కన్నా తగ్గిపోతుంది. సన్నని పగులు దొరికితే చాలు, బయటి గాలి లోపలికి తోసుకు వస్తుంది. లోపలి డీజిలు బయటికి రావటానికి ఒత్తిడే లేదు, ఇంకెలా కారుతుంది? అందుకే గాలి తీసిన ట్రాక్టరు గంటలోపల మళ్ళీ ఆగిపోతే, మంచి మెకానిక్కు మళ్ళీ మళ్ళీ గాలి తీస్తూ కూర్చోడు. గాలి దూరే కంత ఎక్కడున్నదో వెతుకుతాడు.

ఈ సంగతి మీ చేలో నీళ్ళ మోటారుకు కూడా వర్తిస్తుంది. బావి గట్టు మీది మోటారు వేసే ముందు పంపులో నీళ్ళు పోస్తారు, చూశారా? పంపు నిండా గాలి ఉంటే బావిలోని నీటిని పైకి పీల్చలేదు. ముందు గాలిని గెంటి, నీటిని నింపి, అప్పుడు మోటారు వెయ్యాలి. నీళ్ళైనా డీజిలైనా పంపుకు కావలసింది తెగని ధార.

ఇప్పుడు కొంచెం చరిత్ర. ఈ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టాడు. ఆయన తల్లిదండ్రులు జర్మన్లు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణంలో ఆయన ఇంజను పరీక్షలో నెగ్గింది. ఆవిరి యంత్రాలు ఇంధనంలోని శక్తిలో చాలా భాగం వృథా చేసే ఆ రోజుల్లో, ఆయన ఇంజను నూటికి 26 వంతులు పనిగా మార్చింది. కాని అది సుమారు 3 మీటర్ల ఎత్తు ఉండేది! దాన్ని చేలోకి తేవటం సాధ్యమా? అంత పెద్దది కావటానికి ఒక కారణం ఉన్నది. డీజిల్ ఆ రోజుల్లో ఇంధనాన్ని పంపుతో తొయ్యలేదు. గట్టిగా నొక్కిపెట్టిన గాలితో ఊదించాడు. ఆ గాలిని నొక్కటానికి వేరే యంత్రం కావలసివచ్చింది. చూశారా, అప్పుడు ఇంధనాన్ని మోసుకుపోయిన గాలే ఇప్పుడు ఇంధనానికి అడ్డం!

తరవాత తరవాత చాలామంది శ్రమపడి, గాలి సాయం లేకుండా డీజిలును తోసే చిన్న పంపులు తయారుచేశారు. జర్మనీలో బాష్ కంపెనీ 1927లో అలాంటి పంపులను పెద్ద ఎత్తున చెయ్యటం మొదలుపెట్టింది. దానితో డీజిలు ఇంజను లారీలకూ ట్రాక్టర్లకూ ఎక్కింది. మన దేశంలో ఈ పంపులు చెయ్యటానికి బెంగుళూరులో 1951లో మైకో కంపెనీ వెలిసింది. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్ ట్రాక్టరు తయారైంది. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ మొదలై, మాసీ ఫెర్గుసన్ ట్రాక్టర్లను చేసింది.

రాయలసీమ పిల్లలకు ఇంకొక ముచ్చట. 1900లో పారిస్‌లో జరిగిన గొప్ప ప్రదర్శనలో ఒక చిన్న డీజిలు ఇంజనును ఏ నూనెతో నడిపించారో తెలుసా? వేరుశనగ నూనెతో! మీ చేలో పండే పంటే. అయితే మీ నాన్నగారి ట్రాక్టరులో వంటనూనె పోసి చూడకండి. ఆ నూనె చిక్కన. ఇప్పటి పంపులకూ ఫిల్టర్లకూ అది పడదు.

చివరిగా ఒక హెచ్చరిక. గాలి తియ్యటం పెద్దవాళ్ళ పని. మీరు పక్కన ఉండి చూడండి, అడగండి, నేర్చుకోండి. పానా మాత్రం పట్టకండి. నాజిల్ చిమ్మే డీజిలుకు ఎప్పుడూ చెయ్యి అడ్డం పెట్టకూడదు. అంత ఒత్తిడితో వచ్చే సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చూడటానికి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది గాని, వెంటనే ఆస్పత్రికి వెళ్ళకపోతే చెయ్యే పోవచ్చు. కొత్త ట్రాక్టర్లలో కొన్నింటికి ఒత్తిడి ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. వాటి నాజిల్ నట్లను చేలో విప్పటం పెద్దవాళ్ళకు కూడా తగదు. కంపెనీవాళ్ళ పుస్తకంలో చెప్పినట్టే చెయ్యాలి. డీజిలు దగ్గర బీడీ, చుట్ట, అగ్గిపుల్ల అసలే పనికిరావు.

అన్నిటికన్నా మంచి మందు ఏమిటో తెలుసా? గాలి పట్టనివ్వకపోవటం. ట్యాంకు ఎన్నడూ అడుగంటనియ్యకూడదు. సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపి పెట్టుకుంటే, మరునాడు వాలులో దున్నినా భయం లేదు. ఈ కాస్త పని మీ ఇంట్లో ఎవరు చేస్తున్నారో చూసి, ఎవరూ చెయ్యకపోతే గుర్తు చేసే ఉద్యోగం మీరు పుచ్చుకోండి. పదునులో ఒక పూట దక్కితే ఒక మడి పంట దక్కినట్టే.

ఇక వచ్చే నెలకు మీకొక ప్రశ్న: ఆస్పత్రిలో సూదిమందు ఇచ్చే ముందు నర్సమ్మగారు సిరంజిని నిలువుగా, సూది పైకి ఉండేట్టు పట్టుకుని, వేలితో రెండుసార్లు తట్టి, ఒక చుక్క మందు బయటికి చిమ్ముతారు. సూదిని పైకే ఎందుకు పెడతారు? తట్టటం ఎందుకు? చుక్క పోయేదాకా ఎందుకు నొక్కుతారు? ఒంటిమిట్ట మామ ఫిల్టరు దగ్గర చేసిన పనిని ఒకసారి జ్ఞాపకం తెచ్చుకుంటే జవాబు మీకే దొరుకుతుంది. రాసి పంపండి!